గవ్వల సీలింగు

పాత ఇల్లు, ముందుగది
జూన్ 4

అన్నయ్యకి,

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుంటావేమో. ఎవరూ పోలేదు. ఫోన్ చేస్తే నీ గొంతు నేను వినాలి, నా గొంతు నువ్వు వినాలి. ఇద్దరికీ అంత ఓపిక లేదు కాబట్టి ఉత్తరం.

ముందుగదిలో నేను క్రెష్ నడుపుతున్న సంగతి ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. పక్కవీధి బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి, సాయంత్రం షిఫ్టు అయ్యాక తీసుకెళ్తారు. పద్నాలుగు మంది. అందరిలోకీ పెద్దదానికి నాలుగేళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా వాళ్ళందరినీ ఆ గదిలోనే చాపలేసి పడుకోబెడతాను. వెల్లకిలా పడుకున్న ప్రతి పిల్లకీ కనిపించేది నువ్వు పూతలో గీసి చేసిన గవ్వల సీలింగే. గవ్వకో సాలెగూడు. దులిపితే బూజుతో పాటు తెల్లపొడి రాలి పాలగ్లాసుల్లో పడుతుంది. చీపురు ఆ గాడుల్లోకి పోదు, గుడ్డ పెడితే చిరిగి చేతికొస్తుంది. అందుకని దాని మీద థర్మోకోల్ పలకలు అంటించేస్తున్నాను. రెండడుగుల చదరం, తెల్లవి, అంచున సన్నటి తీగ డిజైను. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

నీ అనుమతి అడగడం లేదు. పలకల మేస్త్రీ ఒక్క మాట కనుక్కోమన్నాడు: ఈ పూత పుయ్యకముందు శ్లాబుకి ఉలితో గాట్లు పెట్టారా, లేదా? నున్నటి శ్లాబు మీద గాట్లు లేకుండా పూస్తే పూత ఎప్పటికైనా వదిలేస్తుందట. దానికి పలకలు అంటిస్తే లోపల బీటలు వచ్చినా కనపడవు, ఒకరోజు అంతా కలిసి కిందికి దిగుతుందట. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. పెట్టావా లేదా, ఒక్క ముక్క రాయి. మిగతా పాండిత్యం నీ దగ్గరే ఉంచుకో.

చెల్లెలు

శిక్షణ కేంద్రం క్వార్టర్లు
జూన్ 15

భూకంపానికి,

ఒక్క ముక్క అడిగావు. నాలుగు ముక్కలు వినక తప్పదు.

ఆ సీలింగు చేసేనాటికి నాకు పందొమ్మిదేళ్ళు. పదకొండు రోజులు పరంజా మీద మెడ వెనక్కి విరుచుకుని చేశాను. ఒక్కో గవ్వ ఒక్క చేతివిసురు. రెండోసారి దిద్దింది ఒక్కటీ లేదు. వీధి వీధంతా చెప్పులు విడిచి లోపలికి వచ్చి చూసి వెళ్ళింది. పన్నెండో రోజు పెద్ద కాంట్రాక్టరు వచ్చి, కింద నిలబడి చూసి, ఎవర్రా చేసింది అని అడిగి, మర్నాటి నుంచే నన్ను పనిలోకి రమ్మన్నాడు. నేను తిన్న ప్రతి ముద్దా ఆ సీలింగు పెట్టిందే. ఇక్కడ కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటిరోజు దాని గురించే చెబుతాను.

గాట్లు పెట్టావా అని నన్ను అడుగుతున్నావు. నేను నేర్పే మొదటి పాఠం గాట్లు. గాట్లు పెట్టకుండా పూతకి దిగినవాడి చేతిలోంచి తాపీ లాక్కుంటాను. పెట్టాను. అరచెయ్యి ఆనించే చోటు లేకుండా పెట్టాను. నీ పలకలవాడికి ఆ మాట చెప్పు. చెప్పి, వాణ్ణి పంపించెయ్యి. ఆ పలకలేమిటో నాకు తెలియనివి కావు. కేకు డబ్బా మూతలు. మనిషి చేత్తో చేసిన పని మీద కేకు డబ్బా మూతలు అంటించడానికి నీకే చేతులొస్తాయి. పదకొండేళ్ళప్పుడు గెంతి పాడుచేశావు, ఇప్పుడు జిగురు పూసి పాడుచెయ్యాలనుకుంటున్నావు. దాని జోలికి పోకు.

అన్నయ్య

ముందుగది
జూన్ 24

అన్నయ్యకి,

పాత పేరుతో మొదలుపెట్టావు కాబట్టి పాతసంగతే ముందు రాస్తాను.

ఆవేళ డాబా మీద తాడాట ఆడుతున్నాను. రెండువందల తొంభై దాకా వచ్చాను, మూడువందలు చేస్తానని పందెం. కింద ఫెళ్ళుమని చప్పుడయింది. నాన్న రేడియోలు బాగుచేసే బల్ల మీద సీలింగు పెచ్చు పడి, ఎవరిదో రేడియో పచ్చడయింది. నేను తాడు చేత్తో పట్టుకుని మెట్లు దిగేసరికి నాన్న నన్నే చూస్తున్నాడు. ఏం చేస్తున్నావు అన్నాడు. గెంతుతున్నానని చెప్పాను. తాడు తీసుకుని కత్తెరతో నాలుగు ముక్కలు చేశాడు. డాబా తలుపుకి తాళం వేశాడు. ఆ తాళం నా పెళ్ళి దాకా తియ్యలేదు. నువ్వు బల్ల పక్కనే నిలబడి ఉన్నావు.

అప్పటి నుంచి నేను భూకంపాన్ని. చుట్టాలకి భూకంపాన్ని, బళ్ళో భూకంపాన్ని. ఆ పేరు నాకంటే ముందే అత్తారింటికి చేరింది. గిన్నె జారిపడితే మా అత్తగారు నావైపు చూసి నవ్వేది. ఆవిడ మంచిదే, నవ్వులాటకే నవ్వేది. నాకు మాత్రం కడుపు మండేది. నలభై ఎనిమిదేళ్ళదాన్ని, ఇప్పటికీ ఇంట్లో మడమ ఆనించి నడవను. పిల్లలు గెంతుతుంటే వద్దని అరవబోయి, నోరు నొక్కుకుంటాను.

అది అలా ఉంచు. గాట్లు పెట్టానని రాశావు. చాలా సంతోషం. నీ ఉత్తరం మేస్త్రీకి చదివి వినిపించాను, అరచెయ్యి ముక్కతో సహా. సోమవారం పని మొదలు. క్రెష్ ఒక్కరోజు కూడా మూసేది లేదు. మూస్తే ఆ తల్లులకి ఆరోజు కూలి పోతుంది. పొద్దున అంటిస్తారు, మధ్యాహ్నం పిల్లలు కింద పడుకుంటారు.

చెల్లెలు

క్వార్టర్లు
జూలై 6

చెల్లాయికి,

మొండితనంలో నాన్నకి నువ్వే సరైన వారసురాలివి. వద్దన్నకొద్దీ ముందుకురకడం మీ ఇద్దరికీ అలవాటు.

సరే, నీ ఇల్లు, నీ ఇష్టం. ఒక్క మాట మాత్రం విను. పిల్లల్ని గది మధ్యలో పడుకోబెట్టకు. గోడవారగా వెయ్యి చాపలు, జానెడు కూడా ఎడం లేకుండా గోడకి ఆనించి. జిగురు వాసన పసివాళ్ళకి పడదు, ఊపిరి పట్టేస్తుంది. అసలు జిగురుతో అంటించడమే తప్పు. చెక్కచట్రం కట్టించి, గోడలకి మేకులు దిగ్గొట్టి, దానికి బిగించమను. అప్పుడు బరువు పైదాని మీద పడదు. ఇది ఎంత చిన్న మేస్త్రీకైనా తెలియాల్సిన సంగతి. నీకు దొరికినవాడికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

ఫ్యాను గట్టిగా తిప్పకు.

అన్నయ్య

ముందుగది
జూలై 18

అన్నయ్యకి,

జిగురు వాసన గురించి బెంగపెట్టుకోకు. వాసన లేని రకం తెచ్చాడు. కిటికీలు రెండూ బార్లా తీసే ఉన్నాయి. చెక్కచట్రం వేస్తే గది ఎత్తు జానెడు తగ్గుతుంది, ఫ్యాను నెత్తికి తగులుతుంది. కుదరదు.

పని ఎలా సాగుతోందో నీకు రాయాలి కదా, చేతిపనివాడివి. మొదట గదికి ఆ మూల నుంచి ఈ మూలకి రంగుదారం కొట్టారు. రెండు గీతలూ కలిసిన చోట, సరిగ్గా నడిమధ్య, మొదటి పలక. ప్రతి పలకకీ అయిదు ముద్దల జిగురు, నాలుగు మూలలా నాలుగు, మధ్యన ఒకటి. అరచేత్తో అదిమిపట్టి ఇరవై లెక్కపెట్టాలి. పిల్లలకి అదో ఆట అయింది. మేస్త్రీతో పాటు అందరూ ఒకటి, రెండు, ఏడు, పది అని వాళ్ళకి తోచిన లెక్క అరుస్తారు. మధ్యలోంచి మొదలుపెట్టి గోడలవైపు వస్తున్నారు. గోడదాకా వచ్చాక పలకల్ని కోసి అతకాలి, ఆ పని మిగిలింది.

చాపలు గోడవార వెయ్యమన్నావు. గోడవార బీరువాలున్నాయి, ఉయ్యాల ఉంది. పద్నాలుగు చాపలు మధ్యలో తప్ప పట్టవు. వాళ్ళలో రెండేళ్ళది ఒకతి ఉంది. గది నడిమధ్య, ఫ్యాను కింద, తల అటో ఇటో పెట్టి తీరాల్సిందే. ఇంకోచోట పడుకోబెడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది.

వాసన కాక వేరే కారణమేదైనా ఉంటే రాయి. నీళ్ళు నమలకు.

చెల్లెలు

క్వార్టర్లు
ఆగస్టు 2

చెల్లాయికి,

ఎంత చెప్పినా నీ తలకెక్కదు. ఇప్పుడు వానలు. ఆ డాబా ముసలిది, ఎక్కడో అక్కడ చెమ్మ దిగుతుంది. చెమ్మ దిగితే ఎంతటి పనివాడి పూత అయినా మెత్తబడుతుంది. అందులో నా తప్పేం లేదు, నీ తప్పూ లేదు, వాన తప్పు. అందుకని ఒక్క పదిరోజులు క్రెష్ మూసెయ్యి. లేదంటే పిల్లల్ని వెనకగదిలోకి మార్చు. నెలాఖరుకి నాకు సెలవు దొరుకుతుంది. వచ్చి, ఆ పలకలు విప్పి, నా చేత్తో తట్టి చూస్తాను. బాగుంటే మళ్ళీ నేనే అంటించి పెడతాను, కేకు డబ్బా మూతలైనా సరే.

నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పంతాలకి ఇది సమయం కాదు.

అన్నయ్య

ముందుగది
ఆగస్టు 10

అన్నయ్యకి,

ఫోన్‌లో నువ్వు నసుగుతావు. కాగితం మీద నసగడం కష్టం, అందుకే ఎత్తలేదు.

డాబా ఎక్కి నాలుగు మూలలా చూశాను. చెమ్మ లేదు, పగులు లేదు. గాట్లు అరచెయ్యి పట్టకుండా పెట్టానన్నావు. మరి భయం దేనికి? పిల్లల చాపల గురించి, ఫ్యాను గురించి, వాన గురించి రాశావు. గాట్ల గురించి మళ్ళీ ఒక్క మాట రాయలేదు.

ఈవేళ ఒంటిగంటకి కూడా పద్నాలుగు మందీ నిద్రపోయారు.

చెల్లెలు

క్వార్టర్లు
ఆగస్టు 17

చెల్లాయ్,

ఇది కొరియర్ మనిషి చేత పంపుతున్నాను, రేపటికి అందుతుంది. అందగానే ముందు పిల్లల్ని ఆ గదిలోంచి తీసెయ్యి. తీసేశాక మిగతాది చదువు.

గాట్లు పెట్టలేదు.

ఆ శ్లాబు కొత్త ఇనపరేకుల మీద పోశారు. విప్పేసరికి అద్దంలా ఉంది. దానికి తలపైకెత్తి గాట్లు కొట్టాలంటే అయిదు రోజుల పని. ఒకరోజు కొట్టాను. కళ్ళనిండా పొడి, మెడ తిరగలేదు. కాంట్రాక్టరు పన్నెండో రోజు వస్తానని నాన్నకి చెప్పాడు. గోడల పొడుగునా జానెడు మేర, కిందనుంచి చూసేవాడికి కనిపించేంత కొట్టి, మధ్యంతా వదిలేసి, సిమెంటు పాలు చల్లి పూసేశాను. పూత ఎగుడుదిగుడుగా వచ్చింది. అది కనపడకుండా గవ్వలు వేశాను. నీ దువ్వెన పళ్ళు విరిచి వేశాను. అందరూ మెచ్చుకున్న గవ్వలు అందుకోసం పుట్టినవి.

మరుసటి ఏడు పెచ్చు పడినప్పుడు నాన్న కంటే ముందు నేనే దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. వెనక నున్నగా, మెరుస్తూ ఉంది. నీ గెంతులకీ దానికీ ఏ సంబంధమూ లేదని ఆ క్షణమే నాకు తెలుసు. నువ్వు తాడు పట్టుకుని మెట్లు దిగుతున్నావు. నాన్న నిన్ను అడుగుతున్నాడు. ఒక్క మాట చాలు, నా నోటిదాకా వచ్చింది. ఆ వారమే కాంట్రాక్టరు నన్ను మేస్త్రీని చెయ్యబోతున్నాడు. మింగేశాను. భూకంపం అన్న పేరు కూడా నేనే పెట్టాను, నీకు గుర్తుందో లేదో. అందరూ నవ్వుకుంటే ఇంకెవరూ పెచ్చు తిప్పి చూడరని పెట్టాను. మర్నాడు ఆ చోట అతుకు వేస్తే, ఎంత బాగా కలిపాడో చూడండని మళ్ళీ నన్నే మెచ్చుకున్నారు.

రెండేళ్ళ పిల్ల గురించి నువ్వు రాసిన దగ్గరనుంచి నాకు నిద్ర లేదు. అయినా ఇంకో ఉత్తరంలో వాన మీదికి తోశాను. ఇన్నేళ్ళ అలవాటు చెయ్యి వదలదు.

ఆదివారం బయల్దేరి వస్తాను. నా చేత్తోనే అంతా దింపి, గాట్లు పెట్టి, మళ్ళీ పూస్తాను. నువ్వు నాతో మాట్లాడనక్కరలేదు.

అన్నయ్య

వెనకగది
ఆగస్టు 18

అన్నయ్యకి,

కొరియర్ మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. నువ్వు రావద్దు. దింపడానికి ఏమీ మిగల్లేదు.

జూన్ పద్దెనిమిదిన మేస్త్రీ నిచ్చెనెక్కి సుత్తి పిడితో తట్టి చూశాడు. గోడవార జానెడు గట్టిగా పలికింది. మధ్యంతా గుల్ల. 'దీనికి గాట్లు పెట్టలేదమ్మా' అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా అన్నయ్యకి నాతో పడకపోవచ్చు గానీ పనిలో దొంగతనం చెయ్యడు, ఉత్తరం రానీ అన్నాను. మర్నాడే వచ్చింది. చదివి వినిపించాను. అతను మళ్ళీ నిచ్చెనెక్కి ఉలి మొన పెట్టి రెండు దెబ్బలు కొట్టాడు. తలుపంత పెచ్చు ఊడి కింద పడింది. నేను వెనక్కి తిప్పాను. రేకుల అచ్చు కూడా చెక్కుచెదరలేదు. ఎదురుగా ఉన్నది ఎవరో పరాయి మనిషని కూడా చూడకుండా నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చానని నీకు రాయడం నాకిష్టం లేదు, కానీ ఏడ్చాను.

ఆరోజు నుంచి పిల్లలు వెనకగదిలో ఉన్నారు. ముందుగది పూతంతా నాలుగు రోజుల్లో దింపేశారు. వేరే తాపీమేస్త్రీ వచ్చి ఆరు రోజులు గాట్లు పెట్టాడు. ఆ ఆరు రోజులూ నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అతను పూసి, అది ఆరాక, దాని మీద పలకలు వేస్తున్నారు. రంగుదారం, ఇరవై లెక్క, రెండేళ్ళ పిల్ల, అన్నీ నిజమే. ఏ పూత మీద, ఏ గదిలో అన్నదే అబద్ధం. అబద్ధం ఆడటం నాకు చేతనవుతుందని నాకే తెలియదు. పెద్ద కష్టమేం కాలేదు.

ఎందుకు ఆడానో చెబుతాను. పసిపిల్లల తలల మీద అది వేలాడుతోందని తెలిసి నువ్వు ఎన్ని ఉత్తరాలు గడుపుతావో చూడాలనుకున్నాను. జూన్ పదిహేను నుంచి ఆగస్టు పదిహేడు దాకా. అరవైమూడు రోజులు. చివరికి రాశావు, కాదనను. ఆ పిల్లల కోసం రాశావు. నాకోసం ముప్ఫై ఏడేళ్ళలో ఒక్క ముక్క రాయలేకపోయావు.

నిన్ను క్షమించే ఉద్దేశం నాకు లేదు. ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె పంపుతున్నాను, బరువుగా ఉంటుంది, మోకాలు చూసుకుని ఎత్తు. అందులో అడుగు వెడల్పు పెచ్చు ఉంది. నీ క్లాసులో బల్ల మీద పెట్టు. ముందు గవ్వల వైపు చూపించు. తర్వాత తిప్పి చూపించు. ఎవరు చేశారో చెప్పు. చెప్పావో లేదో నాకు రాయకు. కాగితం మీద నువ్వు ఏదైనా రాయగలవని నాకు తెలిసిపోయింది.

చెల్లెలు

శిక్షణ కేంద్రం
సెప్టెంబర్ 3

చెల్లాయికి,

రాయకన్నావు. రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం నీ ఇష్టం.

పెట్టె వచ్చి పదిహేను రోజులయింది. పద్నాలుగు రోజులు మంచం కిందే ఉంచాను. ఈవేళ కొత్త బ్యాచ్ వచ్చింది. పొద్దున్నే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. గవ్వలు చూసి అందరూ దగ్గరికొచ్చారు, వేలితో తడిమి చూశారు, ఏ పనిముట్టుతో గీశారని అడిగారు. తిప్పాను. వెనకవైపు చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళల్లో నలభై ఏళ్ళావిడ ఒకామె ఉంది, మొగుడితో కలిసి పని నేర్చుకుందామని వచ్చింది. ఇది చేసినవాణ్ణి పనిలోంచి తీసేశారా అని అడిగింది.

లేదమ్మా, నన్ను మేస్త్రీని చేశారు, మా చెల్లెల్ని ఇంట్లో కూర్చోబెట్టారు అని చెప్పాను.

అన్నయ్య